జీతం కోయని సెలవు, పరాయి దేశపు సముద్రం

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏదైనా ట్రావెల్ ఏజెన్సీ ముందు పెట్టిన బోర్డు చూడండి. పటాయా, ఫుకెట్, బాలి, మాల్దీవులు అని వరసగా పేర్లుంటాయి. పక్కన నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు అని రోజుల లెక్క ఉంటుంది. ధర మనిషికి ఇంత అని వేస్తారు, ఇద్దరు కలిసి ఒకే గదిలో ఉంటేనే ఆ ధర అని కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. ఒక తోడును వెంటబెట్టుకుని, విమానమెక్కి, పరాయి దేశపు ఇసుక మీద నాలుగు రోజులు ఏ పనీ లేకుండా గడిపి రావడం ఇవాళ మధ్యతరగతికి తెలిసిన సుఖాల్లో ఒకటి. ఈ సుఖం ఎలా పుట్టిందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: విమానాలు వచ్చాయి, టికెట్లు చవకయ్యాయి, సముద్రమంటే ఎవరికి ఇష్టముండదు? ఈ జవాబులో సగమే నిజముందని నా వాదన. సముద్రం ఎప్పుడూ ఉంది. ఓడలు, రైళ్లు, విమానాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. పనిచేసే మనిషి చేతికి జీతం కోయని సెలవు మాత్రం చాలా ఆలస్యంగా, చాలా కష్టం మీద వచ్చింది. అది వచ్చాకే సముద్రతీరం మామూలు మనుషులకు విశ్రాంతి స్థలమైంది. ఆ సెలవు ఎన్నాళ్లుంటే మనిషి అంత దూరం వెళ్లగలిగాడు, ఎవరి సెలవు తన సెలవుతో కలిస్తే వాళ్లను తోడు తీసుకెళ్లగలిగాడు.

సముద్రం దగ్గర తీరిగ్గా కూర్చోవడం మనుషులకు పుట్టుకతో వచ్చిన అలవాటేమీ కాదు. మన కోస్తాలో సూర్యలంకలోనూ మంగినపూడిలోనూ కార్తీక పౌర్ణమికి వేల మంది మునుగుతారు. ఆ స్నానం పర్వదినానికి కట్టుబడినది. పర్వం కాని రోజున సముద్రాన్ని తాకకూడదనే నియమం కూడా మన పెద్దలు చెప్పినదే. మునిగి, అర్ఘ్యమిచ్చి, తడిబట్టలు పిండుకుని ఇంటిదారి పడతారు. మిగతా రోజుల్లో ఆ ఒడ్డు పడవలది, వలలది, చేపలు ఎండబెట్టుకునే వాళ్లది. ఐరోపాలోనూ చాలా శతాబ్దాల పాటు ఇంతే. ప్రాచీన రోమ్ సంపన్నులు నేపుల్స్ పక్కన బయీలో విలాస భవనాలు కట్టుకున్న మాట నిజమే కానీ, ఆ అలవాటు వాళ్ల సామ్రాజ్యంతోనే పోయింది. తర్వాతి ఐరోపాకు సముద్రమంటే మునిగిన ఓడలు, దొంగలు, తుపానులు. ఒడ్డున ఉన్న ఊళ్లలో ఇళ్లు సముద్రానికి వీపు పెట్టి కట్టుకునేవాళ్లు.

ఆ భయాన్ని మొదట పోగొట్టినది వైద్యులు. ఇంగ్లండ్ ఈశాన్య తీరాన స్కార్‌బరోలో ఖనిజజలపు ఊట ఉండేది. రోగులు దాని కోసం వచ్చేవాళ్లు. రాబర్ట్ విటీ అనే వైద్యుడు 1660లో ఆ నీటి గుణాల మీద పుస్తకం రాసి, తర్వాతి కూర్పులో సముద్రస్నానాన్నీ సిఫారసు చేశాడు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే మరో వైద్యుడు గ్రంథుల వ్యాధులకు సముద్రజలం మందని లాటిన్‌లో ఒక గ్రంథం ప్రచురించాడు. మునగడమే కాదు, ఆ నీళ్లు తాగమని కూడా అతని సలహా. రోగులు పెరిగేసరికి అతను బ్రైటన్ తీరానికే వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఆ స్నానంలో సుఖమన్నది ఎంత తక్కువో దాని పద్ధతి చూస్తే తెలుస్తుంది. నాలుగు చక్రాల మీద చిన్న చెక్కగది. రోగి మెట్లెక్కి లోపలికి వెళ్లి, తడి వాసన కొట్టే చీకట్లో బట్టలు మార్చుకుంటుండగా గుర్రం ఆ గదిని నీళ్లలోకి లాగేది. అవతలి తలుపు తెరిస్తే కింద నడుము లోతు చన్నీళ్లలో బరువైన బట్టలు కట్టుకున్న ఒక కూలి మనిషి నిలబడి ఉండేది. రోగిని పట్టుకుని గభాలున ముంచి లేపడం ఆమె పని. బ్రైటన్‌లో మార్తా గన్ అనే ఆమె ఈ పనిలో దేశమంతా పేరు పొందింది, 1815లో చనిపోయేదాకా ఆ ఊరికి ఆమె ఒక గుర్తు. సముద్ర విహారంలో మనిషికి దొరికిన మొదటి తోడు ఈమె. ఒడ్డున ఒకరి విశ్రాంతికి ఇంకొకరి శ్రమ ఆధారమన్న సంగతి ఆనాటి నుంచే ఉంది.

ఆ తోడును కూలికి పెట్టుకోగలిగిన వాళ్లెవరు? తీరిక సొంత ఆస్తిగా ఉన్నవాళ్లు. ఇంగ్లండ్ యువరాజు 1783లో బ్రైటన్ వచ్చాడు. అతను రాజ్యాధికారం చేతికి తీసుకున్నాక అక్కడ గుమ్మటాల మహల్ లేచింది. అతని తండ్రి, రాజు మూడవ జార్జి 1789లో వేమత్ తీరంలో మునిగితే పక్కనే బ్యాండు రాజగీతం వాయించింది. ఈ కులీనుల కాలంలోనే మన దేశస్థుడొకడు ఈ చరిత్రలోకి వస్తాడు. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ లండన్‌లో హిందుస్థానీ భోజనశాల పెట్టి నష్టపోయి, 1814లో బ్రైటన్ చేరాడు. ఆవిరి స్నానం, మర్దనం మన పద్ధతిలో చేయించే స్నానశాల సముద్రానికి ఎదురుగా పెట్టి, ఇద్దరు రాజులకు ఆ సేవ చేసే హోదా సంపాదించాడు. సరే, పేదవాళ్ల మాట? మార్గేట్‌లో 1791లో పేద రోగుల కోసం సముద్రస్నానాల ఆస్పత్రి పెట్టారు. గండమాలతో బాధపడేవాళ్లను అక్కడికి పంపేవాళ్లు. అంటే పేదవాడు సముద్రం చూడాలంటే జబ్బు పడాలి, దాతల చీటీ తెచ్చుకోవాలి. ఊరికే వచ్చి కూర్చునే వీలు అతనికి లేదు. డబ్బు లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. పని మానిన రోజున కూలి రాదు. ఆ రోజు ప్రయాణం ఉచితంగా దొరికినా అతనికి అది నష్టమే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. రైలు వచ్చాక కార్మికులు లక్షల సంఖ్యలో తీరానికి వెళ్లారు కదా, అప్పటికి జీతపు సెలవు ఎక్కడుంది? బ్రైటన్‌కు 1841లోనూ బ్లాక్‌పూల్‌కు 1846లోనూ రైలు చేరింది. లాంకషైర్ నూలు మిల్లుల ఊళ్లలో ఏటా ఒక వారం మిల్లులన్నీ మూసేసే ఆనవాయితీ ఉండేది. చర్చి తిరునాళ్లగా మొదలైన పండుగ అది. మిల్లు యజమానులు ఆ వారంలో బాయిలర్లు శుభ్రం చేయించి, యంత్రాలు బాగుచేయించుకునేవాళ్లు. ఓల్డ్‌హామ్‌కు ఒక వారం, బ్లాక్‌బర్న్‌కు ఇంకో వారం, బర్న్‌లీకి మరో వారం. ఇలా వేసవంతా ఒక ఊరి తర్వాత ఒక ఊరు బ్లాక్‌పూల్‌కు కదిలి వచ్చేది. వాళ్ల కోసమే 1863లో సముద్రంలోకి పొడుగాటి వంతెన కట్టారు, 1894లో 158 మీటర్ల ఇనుప గోపురం లేపారు. పక్కింటి వాళ్లు, మగ్గం పక్క మనిషి, మేస్త్రీ, దుకాణదారు అందరూ ఒకే రైల్లో వచ్చి ఒకే వీధిలో దిగేవాళ్లు. బస చాలామందికి పూటకూళ్ల ఇళ్ల లాంటి ఇళ్లలో. సరుకులు కుటుంబమే కొని తెచ్చుకునేది, ఇంటావిడ వండి పెట్టేది. వంటింటి అలమారలో ఒక్కో కుటుంబం రొట్టె, వెన్న, టీ పొట్లం విడివిడిగా పేర్లతో ఉండేవి. బల్ల మీద ఉప్పు, మిరియాల సీసాలు వాడుకున్నందుకు కూడా కొన్ని ఇళ్లలో బిల్లు వేసేవాళ్లు.

రైలు లేకపోతే ఇదంతా జరిగేది కాదని ఒప్పుకోవలసిందే. అయితే ఆ వారం కార్మికుడికి ఎంత ఖరీదు పడిందో కూడా చూడాలి. మిల్లు మూసిన వారానికి కూలి లేదు. అందుకని ఏడాది పొడవునా వారానికి కొన్ని పెన్నీల చొప్పున పొదుపు సంఘాల్లో కట్టి, పండుగ ముందు రోజు ఆ మొత్తం తీసుకుని రైలెక్కేవాళ్లు. తిరిగొచ్చాక వారం కూలి లేని ఇల్లు వాళ్ల కోసం ఎదురుచూసేది. పొదుపు చేయగలిగిన నైపుణ్యం గల మిల్లు కార్మికులకు, ఇంట్లో ఆడవాళ్లకూ మగ్గం మీద కూలి దొరికే ఊళ్లకు ఇది సాధ్యమైంది. రేవు కూలీకీ, వ్యవసాయ కూలీకీ సాధ్యం కాలేదు. వెళ్లినవాళ్లు కూడా రైలు ఒక పూటలో చేరే దూరమే వెళ్లారు. ఇంకో మాట. ఆ మిల్లుల బట్ట ఎక్కడ అమ్ముడుపోయిందో మనకు తెలుసు. 19వ శతాబ్దంలో కోరమాండల్ తీరపు మగ్గాలను దెబ్బతీసిన సరుకులో అది ముఖ్యమైనది. వలసల దోపిడీతోనే వాళ్ల కార్మికులు విహారాలు చేశారని ఎవరైనా అంటే, ఆ దోపిడీ జరిగిన మాట నిజం. కానీ దాని లాభంలో నుంచి నేతగాడికి ఒక్క వారం జీతపు సెలవు కూడా దక్కలేదు. 1931లో గాంధీ లాంకషైర్ మిల్లుల ఊరు డార్వెన్ వెళ్లినప్పుడు ఎదురొచ్చి ఆదరించిన జనంలో పని పోయిన మిల్లు కార్మికులు ఎందరో. సామ్రాజ్యం సంపన్నమైనంత మాత్రాన సెలవు రాలేదు. దానికి చట్టం కావలసివచ్చింది.

ఆ చట్టం కథలో కళ్లకు కట్టేది ఫ్రాన్స్. 1936 మే, జూన్ నెలల్లో దాదాపు 20 లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఫ్యాక్టరీల్లోనే కూర్చుని, యంత్రాల పక్కనే పడుకుని, అకార్డియన్లు వాయించుకుంటూ రోజులు గడిపారు. కొత్తగా గెలిచిన వామపక్షాల పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వానికి లియాన్ బ్లూమ్ ప్రధాని. జూన్ 7 రాత్రి యజమానులకూ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. జూన్ 20న చట్టమైంది: ఏడాది పనిచేసిన ప్రతి ఉద్యోగికీ రెండు వారాల జీతపు సెలవు. చట్టం వచ్చినంత మాత్రాన మనిషి కదలడని ఆ ప్రభుత్వానికి తెలుసు. క్రీడలు, తీరిక వేళల బాధ్యత చూసే లియో లాగ్రాంజ్ రైల్వే కంపెనీలతో మాట్లాడి కార్మికులకు 40 శాతం రాయితీ టికెట్ తెచ్చాడు. ఆ మొదటి వేసవిలోనే ఆరు లక్షల మంది దాకా దానిమీద ప్రయాణం చేశారు. డబ్బు చాలనివాళ్లు ఇద్దరు తొక్కే జోడు సైకిలు మీద బయల్దేరారు. ముందు సీట్లో అతను, వెనక సీట్లో ఆమె, వెనక కట్టిన డేరా మూట, ఇద్దరికీ ఒకే రంగు స్వెట్టర్లు. ఆ వేసవి ఫొటోల్లో మళ్లీ మళ్లీ కనిపించే దృశ్యం ఇది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి సముద్రం చూడని పారిస్ శివార్ల మనుషులు నార్మండీ ఒడ్డుకు చేరుకున్నారు.

ఇది చిన్న విషయమని అనుకునేవాళ్లు 1942లో రియోమ్ కోర్టులో జరిగింది గుర్తుచేసుకోవాలి. జర్మనీ చేతిలో ఓడిన ఫ్రాన్స్‌లో విషీ ప్రభుత్వం బ్లూమ్‌ను బోనెక్కించింది. కార్మికులకు తీరిక ఇచ్చి దేశాన్ని బలహీనపరిచాడన్నది ఆరోపణల్లో ఒకటి. బ్లూమ్ సంజాయిషీ చెప్పుకోలేదు. పారిస్ చుట్టుపక్కల రోడ్ల మీద జోడు సైకిళ్లపై వెళ్లే కార్మిక దంపతులను చూసినప్పుడు, కష్టపు బతుకుల్లో కాస్త వెలుగు తెచ్చానన్న తృప్తి కలిగిందని కోర్టులోనే చెప్పాడు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదు. ఓడిన దేశంలో, శత్రువు కనుసన్నల్లో నడుస్తున్న విచారణలో, ప్రాణం పణంగా ఉన్న మనిషి తన పాలనను సమర్థించుకోవడానికి చూపిన సాక్ష్యం ఇద్దరు మామూలు మనుషులు సెలవు మీద వెళ్లిన దృశ్యం. విషీ విచారణను మధ్యలోనే ఆపేసింది.

నియంతలు కూడా సెలవులిచ్చారు కదా, అది పోరాడి తెచ్చుకున్న హక్కని ఎలా అంటావని అడగవచ్చు. నాజీ జర్మనీ తన కార్మికులను ఓడల్లో నార్వే తీరానికీ మదీరా దీవికీ తిప్పింది. బాల్టిక్ తీరంలో ప్రోరా దగ్గర నాలుగున్నర కిలోమీటర్ల పొడవున, 20,000 మంది ఒకేసారి ఉండేలా విహార కేంద్రం కట్టడం మొదలుపెట్టింది. దాని శంకుస్థాపన 1936 మే 2న జరిగింది. సరిగ్గా మూడేళ్ల కిందట, 1933 మే 2న, అదే ప్రభుత్వం కార్మిక సంఘాల కార్యాలయాలన్నీ ఆక్రమించి వాటిని రద్దు చేసింది. సంఘం లాక్కుని సెలవు చేతిలో పెట్టిందన్నమాట. ఆ భవనంలో ఒక్క కార్మికుడు కూడా సెలవు గడపకముందే యుద్ధం వచ్చింది, పని ఆగిపోయింది. కార్మికుడు ఏం కోరుకుంటున్నాడో నియంతకు కూడా తెలుసని, ఆ కోరికను పూర్తిగా కాదనే ధైర్యం అతనికీ లేకపోయిందని ఈ ఉదంతం చెబుతుంది. 1936లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతపు సెలవు మీద 52వ ఒడంబడిక చేసింది. బ్రిటన్ 1938లో చట్టం తెచ్చింది. ఏడాదికి ఒక వారమన్నది ఆనాటి ప్రమాణం. యుద్ధం ముగిశాక, 1950ల మొదటికల్లా చాలా పరిశ్రమల ఒప్పందాల్లో అది రెండు వారాలైంది.

ఒక వారం రెండు వారాలు కావడంతో దేశం సరిహద్దు దాటే వీలు చిక్కింది. 1950 మేలో వ్లాదిమీర్ రైట్స్ అనే యువకుడు లండన్ దగ్గరి గాట్విక్ నుంచి మధ్యధరా సముద్రంలోని కోర్సికా దీవికి ఒక డకోటా విమానం అద్దెకు తీసుకుని నడిపాడు. విమానం, బస, భోజనం అన్నీ కలిపి 32 పౌండ్ల 10 షిల్లింగులు. బస డేరాల్లో. రోజుకు రెండు పూటలా మాంసం, కావలసినంత వైన్. బ్రిటన్‌లో మాంసం మీద రేషన్ 1954 దాకా ఉందని గుర్తుంచుకుంటే ఆ భోజనపు ఆకర్షణ అర్థమవుతుంది. అయితే నా వాదనకు ముఖ్యమైన వివరం వేరే ఉంది. ప్రభుత్వం అతనికి ఇచ్చిన అనుమతి ఉపాధ్యాయులను, విద్యార్థులను తీసుకెళ్లడానికి మాత్రమే. విమాన ప్యాకేజీ టూర్ తొలి ప్రయాణికులు వేసవి సెలవులున్న వాళ్లేనన్నమాట. అదే ఏడాది గెరార్డ్ బ్లిట్జ్ మయోర్కా దీవిలో డేరాల ఊరు వేసి క్లబ్ మెడ్ మొదలుపెట్టాడు. దానికీ జనం దొరికింది ఫ్రాన్స్ చట్టం 1936 నుంచి సెలవు ఇస్తున్నందువల్లే. ఫ్రాన్స్ ఆ సెలవును 1956లో మూడు వారాలు, 1969లో నాలుగు, 1982లో ఐదు వారాలు చేసింది.

ఆ సెలవులన్నీ వెళ్లి చేరిన చోట్లలో స్పెయిన్‌లోని బెనిడోర్మ్ ఒకటి. ట్యూనా చేపల వలలు వేయడంలో ఆరితేరిన బెస్తవాళ్ల ఊరు అది. పెద్రో సరగోసా 1950ల మొదట్లో మేయరై, 1956లో ఊరికి వెడల్పాటి రోడ్లతో, ఖాళీ స్థలాలతో నిర్మాణ ప్రణాళిక వేయించాడు. విదేశీ ఆడవాళ్లు బికినీలో తిరగడానికి ఊళ్లో అనుమతి ఇచ్చాడు. చర్చి పెద్దలు మండిపడ్డారు. అతను వెస్పా స్కూటర్ మీద మాడ్రిడ్ దాకా వెళ్లి నియంత ఫ్రాంకోను కలిసి, తన ఊరికి రక్షణ తెచ్చుకున్నాడు. 1959లో స్పెయిన్ తన కరెన్సీ విలువ తగ్గించింది. 1967లో దగ్గర్లోని అలికాంటెకు విమానాశ్రయం వచ్చింది. 1960లో దేశం మొత్తానికి 60 లక్షలున్న విదేశీ సందర్శకులు 1973 నాటికి 3 కోట్లు దాటారు. వచ్చినవాళ్లలో ఒకప్పుడు బ్లాక్‌పూల్ వెళ్లిన మిల్లు కుటుంబాల పిల్లలు ఎందరో ఉన్నారు.

విమానాల వల్ల, చవక కరెన్సీ వల్ల జరిగినదాన్ని సెలవు ఖాతాలో వేస్తున్నారని ఇక్కడ అనవచ్చు. చవకదనం పాత్రను నేను తీసేయడం లేదు. అయితే ప్రయాణికుల విమానం 1920ల నుంచీ ఉంది, చలికాలంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని నీస్, కాన్ పట్టణాలకు వెళ్లే సంపన్నులు అంతకు ముందు నుంచీ ఉన్నారు. ఎండలో ఒళ్లు నల్లబరచుకోవడం ఫ్యాషన్ అయింది కూడా 1920లలోనే. అంతకుముందు ఎండకు కమిలిన చర్మమంటే పొలం పని చేసేవాళ్ల గుర్తు. వాహనం, ఫ్యాషన్, చోటు అన్నీ సిద్ధంగా ఉన్న 20 ఏళ్లలో తీరం నిండలేదు, సెలవు చేతికొచ్చిన 20 ఏళ్లలో నిండింది. డబ్బు కట్టడి కూడా దీన్ని ఆపలేకపోయింది. 1966 నుంచి బ్రిటన్ తన పౌరులను విదేశీ విహారానికి మనిషికి 50 పౌండ్లకు మించి తీసుకెళ్లనివ్వలేదు. ఆ లోపలే సరిపెట్టుకుని జనం స్పెయిన్ వెళ్లారు.

తోడు సంగతి కూడా ఈ చరిత్రలో నుంచే అర్థమవుతుంది. మిల్లు మూసిన వారంలో ఊరంతటికీ ఒకేసారి సెలవు, అందుకే ఊరంతా తోడు. పెళ్లికాని అమ్మాయి కూడా మిల్లులో తనతో పనిచేసే స్నేహితురాళ్లతో కలిసి వెళ్లి వచ్చేది. ఎవరి సెలవు వాళ్లు ఎంచుకునే కాలం వచ్చాక వీధి విడిపోయింది, తోడు ఒక్కరికి కుదించుకుపోయింది. టూర్ కంపెనీలు హోటల్ గదులను ముందే గుత్తకు తీసుకుని, గదికి ఇద్దరని లెక్కగట్టి ధర వేశాయి. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఖాళీ మంచానికి కూడా డబ్బు కట్టవలసి వచ్చింది. ఏజెన్సీ బోర్డు మీది చిన్న అక్షరాల మూలం అదే. ఇది ఒకవిధంగా నష్టమని నేననుకుంటాను. ఇవాళ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే ఒకరికి మంజూరైన వారం ఇంకొకరికి మంజూరు కాదు. స్నేహితులైతే మరీ కష్టం. సెలవు ఒక్కడికి దొరికితే సగమే దొరికినట్టు. అయినా ఎవరితో వెళ్లాలో మనిషి తనే ఎంచుకోగలగడం, ముఖ్యంగా ఆడవాళ్లు ఎంచుకోగలగడం, తక్కువ లాభం కాదు.

ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి సవాలు అమెరికా. అక్కడ ఏ కేంద్ర చట్టమూ ప్రైవేటు ఉద్యోగికి జీతపు సెలవు ఇవ్వదు. అయినా ఫ్లోరిడా, వైకీకీ తీరాలు నిండే ఉన్నాయి. చట్టమే ఏకైక దారి అని నేనన్నట్లయితే ఈ ఉదాహరణతో నా వాదన కూలిపోతుంది. నేనంటున్నది జీతపు సెలవు గురించి. అమెరికాలో అది సంఘాల బేరం వల్ల, కంపెనీల ఒప్పందాల వల్ల చాలామందికి దక్కింది. దక్కనివాళ్లు ఎవరంటే హోటళ్లలో, దుకాణాల్లో, ఇళ్లలో తక్కువ జీతానికి పనిచేసేవాళ్లు. ఆ తీరాల్లో వాళ్లు కనిపించేది పళ్లేలు మోస్తూనే. చట్టం లేనిచోట సెలవు ఎవరికి దొరుకుతుందో ఎవరికి దొరకదో అమెరికాయే చూపిస్తోంది.

మన వైపుకు వద్దాం. ఇవాళ తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లే పటాయా కూడా సెలవు సృష్టించిన ఊరే. 1960లలో వియత్నాం యుద్ధం నుంచి కొద్ది రోజుల సెలవు మీద వచ్చిన అమెరికన్ సైనికులు ఆ బెస్తపల్లెను విహార కేంద్రంగా మార్చారు. దాని చీకటి వ్యాపారాలకూ మూలం అక్కడే ఉంది. మాల్దీవుల్లో మొదటి రిసార్ట్ 1972లో తెరిచారు. ఈ తీరాలు మనకు దగ్గరే అయినా మన మధ్యతరగతి చాలాకాలం వెళ్లలేదు. విదేశీ మారకం మీద 1973 చట్టపు కట్టడి ఒక కారణం. అది 2000లో సడలింది. 2004లో ఏడాదికి 25,000 డాలర్ల వరకు విదేశాలకు పంపుకునే పథకం వచ్చింది, ఆ పరిమితి తర్వాత బాగా పెరిగింది. 2023 నవంబరులో థాయిలాండ్ మనవాళ్లకు వీసా అక్కర్లేదంది. ఈ కట్టడులు తొలగాక మొదట ఎవరు కదిలారో చూడండి. ఏటా లెక్కగట్టి సెలవులు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీల ఉద్యోగులు, బ్యాంకు ఉద్యోగులు, ప్రభుత్వోద్యోగులు. కేంద్ర ఉద్యోగులకు 1956 నుంచి ప్రయాణ రాయితీ ఉంది కానీ అది దేశం లోపలికే వర్తిస్తుంది.

వీళ్లకన్నా ముందే, వీళ్లకన్నా ఎక్కువమంది తెలుగువాళ్లు విదేశీ సముద్రపు ఒడ్డున ఏళ్ల తరబడి ఉంటున్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు వాళ్లు. దుబాయ్ తీరపు హోటళ్లు కట్టినవాళ్లలో, కువైట్ ఇళ్లలో వండి వార్చేవాళ్లలో వాళ్లున్నారు. కువైట్ 2015 చట్టం ఇంటి పనివాళ్లకు కూడా ఏడాదికి జీతంతో సెలవు హక్కుగా ఇచ్చింది. ఆ సెలవు చేతికొస్తే వాళ్లు ఇసుక మీద పడుకోవడానికి వెళ్లరు, పిల్లల్ని చూసుకోవడానికి ఇంటికొస్తారు. కాబట్టి అందరూ సముద్రానికే వెళ్లాలని నేను చెప్పడం లేదు. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకునే హక్కు ముందు సెలవున్నవాడికే ఉంటుంది.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి, చేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు జీతపు సెలవు వచ్చేది. 2020లో చేసిన, 2025లో అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ ఆ 240ని 180కి తగ్గించింది. ఫ్యాక్టరీ గేటు బయట, వ్యవసాయంలో, ఇళ్లలో, అడ్డా మీద, మోటారు సైకిలు మీద అన్నం పొట్లాలు మోసే పనిలో ఉన్న కోట్ల మందికి ఈ లెక్క అందదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన 132వ ఒడంబడిక ఏడాదికి కనీసం మూడు వారాల జీతపు సెలవు ఉండాలంటుంది. దానికి భారతదేశం ఇప్పటికీ ఆమోదం తెలపలేదు. తెలపాలి.